ఫైర్‌వాల్ కనెక్షన్లను ఎక్కడ నిలబడి చూస్తున్నాం?

లినక్స్ ఫైర్‌వాల్‌ను చూసుకునేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఈ క్షణాన దీని గుండా ఎవరెవరు ఎక్కడెక్కడికి కనెక్ట్ అయి ఉన్నారు? నెట్ నెమ్మదించిందని ఆఫీసులో గొడవ మొదలైనా, ఏదో కంప్యూటర్‌లో వైరస్ దూరిందన్న అనుమానం వచ్చినా, కొత్తగా రాసిన రూల్ పనిచేస్తోందో లేదో తేల్చుకోవాల్సి వచ్చినా ముందుగా అడిగేది ఇదే. జవాబు చెప్పే టూల్స్‌కు కొదవ లేదు. చిక్కల్లా, ఒకే యంత్రం మీద ఒకే నిమిషంలో నడిపినా అవి ఒకే జవాబు చెప్పవు. ఎస్‌ఎస్ పదో పదిహేనో కనెక్షన్లు చూపిస్తుంది, ఇఫ్‌టాప్ తెర నిండా అడ్రసుల జంటలు పేరుస్తుంది, కాన్‌ట్రాక్ వేల వరసలు కుమ్మరిస్తుంది. వీటిలో ఏదీ అబద్ధమాడటం లేదు. ఈ టూల్స్ గురించిన పరిచయాలు చాలావరకు తెర ఎలా ఉంటుంది, ఏ మీట నొక్కితే ఏ క్రమంలో సర్దుతుంది అన్న దగ్గరే ఆగిపోతాయి. నా దృష్టిలో ముందు అడగాల్సింది వేరు: ప్యాకెట్ నడిచే దారిలో ఆ టూల్ ఎక్కడ నిలబడి చూస్తోంది? ఫైర్‌వాల్ గుండా సాగే కనెక్షన్ల విషయంలో ప్రధాన సాక్షి కాన్‌ట్రాక్ చదివి చూపే, కెర్నెల్‌లోని కనెక్షన్ ట్రాకింగ్ టేబులే అనీ, మిగతా టూల్స్‌ను దానితో సరిపోల్చుకోవడానికి పిలవాలనీ నా వాదన. ఆ సాక్షికీ బలహీనతలున్నాయి. అవి తెలియకుండా దాన్ని నమ్మడం కూడా ప్రమాదమే.

ఫైర్‌వాల్‌కు జ్ఞాపకశక్తి మొదట్లో లేదు. లినక్స్ 2.0 కాలంలో ఐపీఎఫ్‌డబ్ల్యూఅడ్మ్, 1999లో వచ్చిన 2.2 కెర్నెల్‌తో ఐపీచైన్స్ ఉండేవి. అవి ప్రతి ప్యాకెట్‌నూ విడిగా చూసి పంపాలా ఆపాలా అని తేల్చేవి. ముందు వచ్చిన ప్యాకెట్‌తో దీనికున్న సంబంధం వాటికి పట్టేది కాదు. ఒక్క మాస్కరేడింగ్ కోసం మాత్రం చిన్న పట్టీ ఒకటి ఉండేది. రస్టీ రస్సెల్ మొదలుపెట్టిన నెట్‌ఫిల్టర్ 2001 జనవరిలో 2.4 కెర్నెల్‌తో అందరికీ అందాక పరిస్థితి మారింది. అప్పటి నుంచి ప్రతి ప్యాకెట్ ఏదో ఒక కనెక్షన్‌కు చెందినదిగా లెక్కలోకి వస్తుంది. అది కొత్తదా, ఇప్పటికే నడుస్తున్నదా, మరో కనెక్షన్‌కు అనుబంధమా అన్నది చూసి రూల్స్ నడుస్తాయి. 2014లో 3.13 కెర్నెల్‌లోకి ఎన్‌ఎఫ్‌టేబుల్స్ వచ్చి, అంతవరకూ రూల్స్ రాయడానికి వాడిన ఐపీటేబుల్స్ స్థానాన్ని నెమ్మదిగా ఆక్రమించినా, కింద ఉన్న ట్రాకింగ్ యంత్రాంగం మారలేదు. రూల్స్ ఏ భాషలో రాసినా ఆ తీర్పులకు ఆధారం ఈ టేబులే. అందువల్ల ఫైర్‌వాల్ ఏం అనుకుంటోందో తెలుసుకోవాలంటే దాన్నే చదవాలి.

ఇక్కడ అన్నింటికంటే ఎక్కువగా దారి తప్పించేది నెట్‌స్టాట్, దాని వారసుడు ఎస్‌ఎస్. ఇవి చూపేది సాకెట్లను, అంటే ఆ యంత్రం మీదే నడుస్తున్న ప్రోగ్రాములు తెరిచిన కనెక్షన్లను. లోపలి నెట్‌వర్క్‌లోని ఒక ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ దాటి బయటి వెబ్‌సైట్‌కు వెళ్తే, ఆ ప్యాకెట్లను ఫైర్‌వాల్ ఒక వైపు నుంచి అందుకుని మరో వైపు వదిలేస్తుంది. అక్కడ సాకెట్ అన్నదే పుట్టదు. రౌటర్‌గా పనిచేస్తున్న యంత్రం మీద ఎస్‌ఎస్ నడిపితే అడ్మిన్ లాగిన్ అయిన ఎస్‌ఎస్‌హెచ్, డీఎన్‌ఎస్ సేవ లాంటివి తప్ప ఏమీ కనిపించకపోవడానికి కారణం ఇదే. దాన్ని చూసి ట్రాఫిక్ లేదనుకోవడం పొరపాటు. అదే యంత్రం వెబ్ సర్వరో డేటాబేస్ సర్వరో అయితే ఎస్‌ఎస్‌ను మించింది లేదు. ఏ ప్రాసెస్ ఏ పోర్ట్ పట్టుకుందో, క్యూలో ఎంత డేటా పేరుకుందో అది చెబుతుంది. కాన్‌ట్రాక్‌కు ప్రాసెస్ పేరే తెలియదు. కంటైనర్లు వచ్చాక ఈ తేడా ఇంకా ముదిరింది. మామూలుగా కంటైనర్లకు విడి నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఉంటుంది, సాకెట్లు దానిలోపల ఉంటాయి, బయట హోస్ట్ మీద ఎస్‌ఎస్ కొడితే అవి కనబడవు. ట్రాకింగ్ టేబులూ నేమ్‌స్పేస్‌కొకటి కనుక, దాని విషయంలోనూ ఎక్కడ నిలబడి అడుగుతున్నామో చూసుకోక తప్పదు.

రెండో వర్గం ప్యాకెట్లను నేరుగా చూసేవి. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో 1988లో వాన్ జేకబ్సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెక్‌కాన్ రాసిన టీసీపీడంప్ వీటికి పెద్దదిక్కు. ఎవరు ఎంత బ్యాండ్‌విడ్త్ లాగుతున్నారో జంటలుగా చూపే ఇఫ్‌టాప్, ఐపీట్రాఫ్, బ్రౌజర్‌లో గ్రాఫులు గీసే ఎన్‌టాప్‌ఎన్‌జీ కూడా మూలంలో ఇంటర్‌ఫేస్ దగ్గర ప్యాకెట్లు చూసేవే. వీటి విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, అది చాలామంది మరిచిపోయేదీ: లోపలికి వచ్చే ప్యాకెట్‌ను టీసీపీడంప్ ఫైర్‌వాల్ రూల్స్ కంటే ముందే చూస్తుంది, బయటికి పోయేదాన్ని రూల్స్ అన్నీ దాటాక చూస్తుంది. అందుకే ఫైర్‌వాల్ తిప్పికొట్టిన ప్యాకెట్ కూడా టీసీపీడంప్‌లో నిక్షేపంగా కనిపిస్తుంది. ‘టీసీపీడంప్‌లో వస్తోంది కాబట్టి ఫైర్‌వాల్ ఆపడం లేదు’ అనే మాట ఎంత తరచుగా వినిపించినా తప్పే. ఇఫ్‌టాప్ లెక్కకూ అదే వర్తిస్తుంది. బయటి ఇంటర్‌ఫేస్ మీద వచ్చిపడే పోర్ట్ స్కాన్ల రద్దీ కూడా అందులో కలిసిపోతుంది.

ఇప్పుడు టేబుల్‌లోని ఒక వరసను దగ్గరగా చూద్దాం. కాన్‌ట్రాక్ కమాండ్‌ను లిస్ట్ చేయమంటే ఇలాంటి వరస వస్తుంది: ప్రోటోకాల్ టీసీపీ, తర్వాత 431985 అనే అంకె, తర్వాత ఎస్టాబ్లిష్డ్ అనే స్థితి. ఆపైన మొదటి జంట: 192.168.10.25 నుంచి 203.0.113.80కి, పోర్ట్ 51514 నుంచి 443కి. వెంటనే రెండో జంట: 203.0.113.80 నుంచి 198.51.100.7కి, పోర్ట్ 443 నుంచి 51514కి. చివర అష్యూర్డ్ అనే గుర్తు. మొదటి జంట కనెక్షన్ బయలుదేరిన రూపం, రెండోది జవాబు ఎలా రావాలని కెర్నెల్ ఎదురుచూస్తోందో ఆ రూపం. జవాబు 192.168.10.25కి కాకుండా 198.51.100.7కి వస్తోందంటే మధ్యలో నాట్, అంటే అడ్రసు మార్పు, జరిగిందని అర్థం. లోపలి అడ్రసునూ బయటి అడ్రసునూ ఒకే వరసలో ముడివేసి చూపే చోటు ఇదొక్కటే. లోపలి ఇంటర్‌ఫేస్ మీద టీసీపీడంప్ నడిపితే మొదటిది, బయటి ఇంటర్‌ఫేస్ మీద నడిపితే రెండోది కనిపిస్తాయి. రెండూ ఒకటేనని మనమే ఊహించుకోవాలి. ఇక 431985 అన్నది సెకన్లలో మిగిలిన గడువు. నిండా 432000 నుంచి మొదలవుతుంది కనుక, ఈ కనెక్షన్‌లో చివరి ప్యాకెట్ కదిలి 15 సెకన్లయిందని అదే చెబుతోంది. వరుసలు నిలకడగా ఉండవు గనుక వీటిని టాప్ కమాండ్ మాదిరిగా తిరగరాస్తూ, క్రమంలో పెట్టి చూపడానికి ఫిల్ డిబోవిట్జ్ రాసిన ఐపీటీస్టేట్ ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ తెర మీద చూడటానికి అది చాలా హాయిగా ఉంటుంది. కొత్త విషయమేమీ అది కనిపెట్టదు, అదే టేబుల్‌ను చదువుతుంది.

ఈ టేబుల్‌కున్న ఒక లక్షణం మీదే నా వాదన ఎక్కువగా ఆధారపడి ఉంది. కొత్త కనెక్షన్ మొదటి ప్యాకెట్ ఫైర్‌వాల్ రూల్స్ అన్నీ దాటి బయటపడ్డాకే దాని ఎంట్రీ టేబుల్‌లో స్థిరపడుతుంది. మధ్యలో ఏ రూలైనా ఆపేస్తే ఎంట్రీ మిగలదు. అంటే ఆ టేబుల్ ఫైర్‌వాల్ ఒప్పుకున్న కనెక్షన్ల పట్టిక. దీన్ని ప్యాకెట్ టూల్‌తో కలిపితే రోగనిర్ధారణ ఎంత తేలికవుతుందో చూడండి. బయటి సర్వర్‌కు కనెక్షన్ కుదరడం లేదు. తప్పు మన ఫైర్‌వాల్‌దా, అవతలివాళ్లదా? లోపలి ఇంటర్‌ఫేస్ మీద సిన్ ప్యాకెట్ కనిపిస్తోంది గానీ టేబుల్‌లో ఎంట్రీ లేదంటే ఆపింది మన యంత్రమేనని దాదాపు తేలినట్టే. ఎంట్రీ ఉండి, స్థితి సిన్ సెంట్ అనీ, పక్కన అన్‌రిప్లైడ్ అనీ ఉందంటే మన ఫైర్‌వాల్ వదిలిపెట్టింది, అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. టీసీపీడంప్ ఒక్కదాన్నో టేబుల్ ఒక్కదాన్నో పట్టుకుంటే ఇంత స్పష్టంగా చెప్పలేం. ఆపేసిన ప్రయత్నాల లెక్క కావాలంటే మాత్రం ఈ టేబుల్‌ను అడగకూడదు. దానికి రూల్స్ మీది కౌంటర్లు, లాగ్ రూల్స్, ఒక ప్యాకెట్ ఏ రూల్ దగ్గర ఏమైందో వరసగా చెప్పే ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ట్రేస్ ఉన్నాయి.

ఇక బలహీనతల సంగతి. ట్రాకింగ్ టేబుల్ రైలు రిజర్వేషన్ చార్టు లాంటిది: సీటు ఎవరి పేర ఉందో కచ్చితంగా చెబుతుంది, ఆ మనిషి బండిలో ఉన్నాడో మధ్య స్టేషన్‌లో దిగిపోయాడో చెప్పదు. టీసీపీ కనెక్షన్ మర్యాదగా ముగిస్తే ఎంట్రీ రెండు నిమిషాల్లో పోతుంది. కానీ కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయినా, ఫోన్ వైఫై పరిధి దాటి వెళ్లిపోయినా ముగింపు ప్యాకెట్ రాదు. అప్పుడు కెర్నెల్ డిఫాల్ట్‌గా 432000 సెకన్లు, అంటే అక్షరాలా ఐదు రోజులు, ఆ కనెక్షన్ బతికే ఉందని నమ్ముతుంది. టేబుల్‌లో వేల ఎస్టాబ్లిష్డ్ ఎంట్రీలు కనిపించగానే ఇంతమంది వాడుతున్నారని లెక్కకట్టడం అందుకే తప్పు. గడువు అంకెను చూసి, నిమిషాల కిందట కదిలినవెన్నో గంటల తరబడి కదలనివెన్నో వేరు చేయాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్లు ఈ గడువును 7440 సెకన్లకు తగ్గించారు. అది గాలిలోంచి తీసిన అంకె కాదు. నాట్ యంత్రాలు స్థిరపడిన టీసీపీ కనెక్షన్‌ను రెండు గంటల నాలుగు నిమిషాల కంటే ముందు మరిచిపోకూడదని 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5382 చెప్పిన హద్దే అది. టీసీపీ కీప్‌అలైవ్ మామూలుగా రెండు గంటలకోసారి తట్టిలేపుతుంది కనుక దాని మీద నాలుగు నిమిషాల వెసులుబాటు. యూడీపీకైతే మొదలూ చివరా ఏమీ ఉండవు. అక్కడ కనెక్షన్ అన్నది కెర్నెల్ ఊహించుకున్నదే: ఒకవైపే పోతే 30 సెకన్లు, రెండువైపులా సాగితే 120 సెకన్లు గుర్తుంచుకుంటుంది.

ఈ జ్ఞాపకం కేవలం చూసేందుకు కాదు, ఫైర్‌వాల్ ప్రవర్తనను శాసిస్తుంది కూడా. ఒక కంప్యూటర్ అనుమానాస్పద చోటుకు కనెక్ట్ అయి ఉందని గమనించి, దాన్ని ఆపే రూల్‌ను ఫార్వర్డ్ చైన్ చివర చేర్చారనుకుందాం. కొత్త కనెక్షన్లు ఆగుతాయి, నడుస్తున్నది మాత్రం సాగిపోతూనే ఉంటుంది. చైన్ మొదట్లో ‘ఇప్పటికే స్థిరపడినవాటిని వదిలెయ్’ అనే రూల్ ఉంటుంది, అది టేబుల్‌ను చూసి ప్యాకెట్‌ను దాటించేస్తుంది, మీరు రాసిన రూల్ దాకా అది రానే రాదు. రూల్స్ పట్టికను ఎన్నిసార్లు చదివినా ఈ సంగతి బయటపడదు, టేబుల్ చూస్తేనే తెలుస్తుంది. ఆ ఎంట్రీని కాన్‌ట్రాక్‌తో తొలగించడంతో పాటు, ఆపే రూల్‌ను స్థిరపడినవాటి రూల్ కంటే పైన పెట్టాలి. ఎందుకంటే నడుమలో దొరికిన టీసీపీ కనెక్షన్‌ను కూడా కొత్తదిగా స్వీకరించే ఉదారత కెర్నెల్‌కు డిఫాల్ట్‌గా ఉంది. భద్రతా కారణాలతో కనెక్షన్లను చూసేవాళ్లకు ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి లేదని నమ్ముతున్నాను; రూల్ రాశాం కాబట్టి ప్రమాదం తప్పిందనుకునే ఆ కొన్ని గంటల్లోనే డేటా బయటికి పోతుంది.

టేబుల్ నిండిపోవడం మరో సంగతి. దానికో గరిష్ఠ పరిమితి ఉంటుంది; చాలా సర్వర్లలో 262144 కనిపిస్తుంది. అది దాటితే కెర్నెల్ లాగ్‌లో టేబుల్ నిండింది, ప్యాకెట్ పారేస్తున్నాం అన్న వాక్యం వస్తుంది. వాడేవాళ్లకు అది కనిపించే తీరు వేరు: పాత పనులన్నీ బాగానే నడుస్తుంటాయి, కొత్తవేవీ తెరుచుకోవు. సీపీయూ, మెమరీ, లైన్ అన్నీ ఖాళీగానే ఉంటాయి. ఇఫ్‌టాప్ ముందు గంటలు కూర్చున్నా కారణం తేలదు. ప్రస్తుత సంఖ్య, గరిష్ఠ పరిమితి అనే రెండు అంకెలను పక్కపక్కన చూస్తే క్షణంలో తేలుతుంది. కాన్‌ట్రాక్ ఇచ్చే గణాంకాల్లో ఇన్సర్ట్ ఫెయిల్డ్ అనే కౌంటర్ కూడా ఇలాంటిదే. కుబెర్నెటీస్ వాడేవాళ్లను కొన్నేళ్లు వేధించిన ఐదు సెకన్ల డీఎన్‌ఎస్ ఆలస్యం అక్కడే దొరికింది. ఒకే సాకెట్ నుంచి ఐపీవీ4 అడ్రసు కోసం, ఐపీవీ6 అడ్రసు కోసం రెండు ప్రశ్నలు ఒకేసారి బయలుదేరతాయి. అడ్రసు మార్పు జరిగే దారిలో రెండూ ఒకే ఎంట్రీ కోసం పోటీపడతాయి. ఓడిన ప్యాకెట్ మాయమవుతుంది. అడిగిన ప్రోగ్రాము ఐదు సెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది. ఏ రూలూ ఆ ప్యాకెట్‌ను ఆపలేదు కనుక రూల్స్‌లో వెతికినవాళ్లకు ఏమీ కనిపించలేదు.

అసలు సత్యం ప్యాకెట్లలోనే ఉంది, టేబుల్ ఒట్టి అభిప్రాయం, కాబట్టి అంతా టీసీపీడంప్‌తో పట్టి దాచుకుంటే సరిపోతుంది కదా అని అనుభవజ్ఞులు అభ్యంతరం చెబుతారు. అందులో నిజముంది. కనెక్షన్ లోపల ఏం జరిగిందో, ఎన్నిసార్లు ప్యాకెట్ మళ్లీ పంపాల్సి వచ్చిందో ప్యాకెట్లే చెప్పాలి. కానీ ఫైర్‌వాల్ వ్యవహరించేది ఆ అభిప్రాయం ప్రకారమే. ఒక కనెక్షన్ తెగిపోయిందని కెర్నెల్ అనుకుంటే, రెండు చివరలూ బతికే ఉన్నా దాని ప్యాకెట్లు చెల్లనివిగా లెక్కకొచ్చి పడిపోవచ్చు. సత్యానికీ అభిప్రాయానికీ తేడా వచ్చిన చోటే సమస్య ఉంటుంది కనుక రెండూ చూడాల్సిందే. గిగాబిట్ల లైన్ మీద ప్రతి ప్యాకెట్‌నూ పట్టడం ఖర్చుతో కూడినది కూడా. టేబుల్‌ను మాత్రం కెర్నెల్ ఎలాగూ రాసిపెడుతూనే ఉంది. అలాగని దాన్ని చదవడం పూర్తిగా ఉచితమేమీ కాదు. లిస్ట్ తీసేది ఒక క్షణపు చిత్రాన్నే, రెండు లిస్టుల మధ్య పుట్టి చచ్చిన కనెక్షన్ అందులో ఉండదు. వాటి కోసం పుట్టుక, మార్పు, ముగింపు సంఘటనలను వచ్చింది వచ్చినట్టు చూపే ఈవెంట్ పద్ధతిని పాబ్లో నెయిరా అయూసో కాన్‌ట్రాక్ టూల్స్‌లో ఇచ్చారు. రద్దీ పెరిగి బఫర్ నిండితే కొన్ని సంఘటనలు జారిపోతాయి. టూల్ ఆ హెచ్చరిక చూపినప్పుడు ఆ జాబితాను సంపూర్ణమని అనుకోకూడదు. ఎన్ని బైట్లు పోయాయన్న లెక్క కూడా ఎంట్రీల్లో రావాలంటే అకౌంటింగ్‌ను విడిగా ఆన్ చేయాలి, డిఫాల్ట్‌గా అది ఉండదు.

కాలం మారింది, ఈ టేబుల్‌కు కాలం చెల్లింది అన్నది మరింత బరువైన అభ్యంతరం. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000గా ప్రమాణమైన క్విక్ ప్రోటోకాల్ యూడీపీ మీద నడుస్తుంది. కనెక్షన్ ముగింపు ఎన్‌క్రిప్షన్ లోపల దాక్కుంటుంది. ఫోన్ ఒక నెట్‌వర్క్ నుంచి మరో దానికి మారినా అదే క్విక్ కనెక్షన్ కొనసాగుతుంది, ఫైర్‌వాల్‌కు మాత్రం వేర్వేరు యూడీపీ ప్రవాహాలు కనిపిస్తాయి. ఇది నిజంగా నష్టమే, ఒప్పుకోవాలి. అయితే ఈ నష్టం టేబుల్ ఒక్కదానికే జరగలేదు. మధ్యలో నిలబడి చూసే టీసీపీడంప్‌కైనా, ఎన్‌టాప్‌ఎన్‌జీకైనా ఆ ఎన్‌క్రిప్షన్ అంతే. ఇక వేగం కోసం వచ్చిన దగ్గరిదారులు. 4.16 కెర్నెల్‌తో 2018లో వచ్చిన ఫ్లోటేబుల్, స్థిరపడిన కనెక్షన్ల ప్యాకెట్లను రూల్స్ దగ్గరికి పోనివ్వకుండా అడ్డదారిలో దాటిస్తుంది. టేబుల్‌లో ఆ ఎంట్రీ పక్కన ఆఫ్‌లోడ్ అన్న గుర్తు ఉంటుంది కనుక ఫలానాది అడ్డదారిన పోతోందని అక్కడే తెలుస్తుంది. అదే పని హార్డ్‌వేర్‌కు అప్పగిస్తే టీసీపీడంప్‌కు ఆ ప్యాకెట్లు కనబడటం మానేస్తాయి. ఎంట్రీ మాత్రం టేబుల్‌లో ఉంటుంది. నెట్‌వర్క్ డ్రైవర్ దశలోనే నడిచే ఎక్స్‌డీపీ ప్రోగ్రాము పారేసిన ప్యాకెట్లైతే టీసీపీడంప్‌కు కూడా అందవు, వాటి లెక్క ఆ ప్రోగ్రామే వేసుకోవాలి. ఈబీపీఎఫ్ టూల్స్‌ను అన్నింటికీ మందుగా చెప్పేవాళ్లున్నారు. కెర్నెల్‌లో ఎక్కడైనా నిలబడి చూడగల శక్తి వాటికి నిజంగానే ఉంది. కానీ అందరూ ముందుగా చేతపట్టే టీసీపీకనెక్ట్, టీసీపీలైఫ్ చూసేది ఆ యంత్రం సొంత టీసీపీ కనెక్షన్లనే. రౌటర్ మీద వాటిని నడిపితే ఎస్‌ఎస్‌తో వచ్చిన చిక్కే మళ్లీ వస్తుంది. కొత్తదైనంత మాత్రాన చూసే చోటు మారదు.

గ్రాఫులు గీసే మానిటరింగ్ గురించి రెండు మాటలు చాలు. ప్రొమీథియస్ నోడ్ ఎక్స్‌పోర్టర్ టేబుల్‌లోని ఎంట్రీల సంఖ్యనూ పరిమితినీ సేకరిస్తుంది; ఆ రెండింటి నిష్పత్తి మీద అలర్ట్ పెట్టుకోవడం ప్రతి ఫైర్‌వాల్‌కూ అవసరం. ఏదో జరుగుతోందని గ్రాఫ్ చెబుతుంది, ఎవరు చేస్తున్నారో వరసలే చెప్పాలి.

మన దేశంలో ఈ విషయానికి చట్టపరమైన కోణమూ ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలని చెప్పాయి. ఒకే పబ్లిక్ అడ్రసు వెనక వందలమంది ఉండే కాలేజీకో ఆఫీసుకో ఇది ఆచరణలో ఏమిటంటే: ఫలానా సమయంలో ఫలానా అడ్రసు నుంచి ఈ పని జరిగింది, ఎవరు అని అడిగితే జవాబు చెప్పగలగాలి. లోపలి అడ్రసునూ బయటి పోర్ట్‌నూ ముడివేసే ఆధారం ట్రాకింగ్ టేబుల్‌లోనే ఉంది కాబట్టి, ముగిసిన కనెక్షన్ల సంఘటనలను యూలాగ్‌డీ అనే లాగింగ్ ప్రోగ్రాము ద్వారా డేటాబేస్‌లోకి పంపడం దీనికి సూటైన దారి. ఇది నిఘా కాదా అన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టేయలేం. ఎంట్రీల్లో సందేశాల సారాంశం ఉండదు, నిజమే. కానీ ఒక విద్యార్థి ఆర్నెల్లపాటు ఏయే అడ్రసులకు ఏ వేళల్లో వెళ్లాడన్న జాబితా చాలు, అతని జీవితం చాలావరకు బయటపడటానికి. ప్యాకెట్లన్నీ పట్టి దాచడం కంటే టేబుల్ సంఘటనలు దాచడం మేలనడానికి ఇదీ ఒక కారణం: అవసరమైనంతే దాచినట్టవుతుంది. దాన్ని చూసే హక్కు ఎవరికుందో రాసిపెట్టుకోవాలి, గడువు తీరగానే చెరిపేయాలి. దాచినదానికి విలువ ఉండాలంటే పోర్ట్, సమయం రెండూ కచ్చితంగా ఉండాలి. సర్వర్లు అడ్రసుతో పాటు సోర్స్ పోర్ట్‌నూ రాసుకోవాలని 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6302 అందుకే చెప్పింది. గడియారాలను ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో సరిచేసుకోవాలన్న నిబంధన కూడా సెర్ట్-ఇన్ ఆదేశాల్లో ఉంది. కెర్నెల్‌లో టైమ్‌స్టాంప్ సెట్టింగ్‌ను ఆన్ చేయకపోతే ముగింపు సంఘటనలో ఆ కనెక్షన్ ఎప్పుడు మొదలైందో రాదు. దాన్ని ముందే ఆన్ చేసి ఉంచాలి, అడిగిన రోజున ఆన్ చేస్తే గడిచిపోయినవాటికి సమయం దొరకదు.